కళ్ళు తెరిచి చేసే ప్రార్థన

తాయారు ప్రార్థన మొదలుపెట్టే ముందు చిన్నగా దగ్గింది.

జలుబు దగ్గు కాదు. గొంతులో ఏదో అడ్డాన్ని పక్కకి జరుపుకున్నట్టు ఒక్కసారి, పొడిగా. తరవాత కాస్త నిశ్శబ్దం. ఆ తరవాత "ప్రభువా" అన్న మాట, చివర సన్నగా సాగుతూ.

కృపానిధి మాస్టారి చేతిలో సుద్దముక్క విరిగింది.

తాయారు ఈ జూన్‌లో గజపతినగరం నుంచి వచ్చి పదో తరగతిలో చేరిన పిల్ల. తండ్రికి ఇటు బదిలీ అయితే కుటుంబమంతా వచ్చేశారు. ఆ పిల్ల మాస్టారి కూతురు దీవెనని చూడలేదు. దీవెన గొంతు వినలేదు. తాయారు వచ్చేనాటికే దీవెనని సమాధి చేసి తొమ్మిది నెలలైంది. అయినా అదే దగ్గు, అదే ఆగడం, అదే సాగదీత. తరగతిలోని ముప్ఫయ్యొక్క మందీ దీవెన చేసినట్టే ప్రార్థన చేస్తారు. అలా చేస్తున్నామని వాళ్ళకి తెలియదు. తెలియకుండానే కొత్త పిల్లకి కూడా అంటించారు.

"నిన్న గుండె పాఠం విన్నాం. నిమిషానికి డెబ్బై రెండుసార్లు కొట్టుకుంటాదని మాస్టారు చెప్పేరు. మా తమ్ముడిది నేను లెక్కపెట్టాను. తొంభై నాలుగు వచ్చింది. ఎందుకో తెలీలేదు. తెలుసుకునే బుద్ధి ఇయ్యి. చూసింది చూసినట్టు చెప్పే మనసు ఇయ్యి. ఆమెన్."

"ఆమెన్" అన్నారందరూ. ఎవరూ కళ్ళు మూసుకోలేదు. తాయారు ఎడమచేతి మణికట్టు మీద కుడిచేతి వేళ్ళు పెట్టుకుని, వాటినే చూస్తూ చేసింది ప్రార్థన. మిగతావాళ్ళు ఆమెనీ, నల్లబల్లనీ, మాస్టారినీ చూస్తున్నారు. మాస్టారు మాత్రం గోడవైపు తిరిగి నిలబడ్డాడు. పదకొండు నెలలుగా ఆయన అలాగే నిలబడుతున్నాడు.

కళింగపట్నం వెళ్ళే రోడ్డు మీది ఆ మిషను హైస్కూల్లో పొద్దున్న అసెంబ్లీ ప్రార్థన అందరికీ ఉంటుంది. సైన్సు పీరియడు ప్రార్థన మాత్రం ఈ ఒక్క తరగతికే ఉంది. దాన్ని పెట్టింది బడి కాదు, పిల్లలు. వాళ్ళు ఎనిమిదిలో ఉండగా ఒకరోజు ఉల్లిపొర స్లైడు తయారుచేశారు. ఆ పూట ప్రార్థన చెయ్యమంటే దీవెన మైక్రోస్కోపు మీదనుంచి తల ఎత్తలేదు. బళ్ళో అందరిలాగే తండ్రిని అదీ మాస్టారూ అనే పిలిచేది.

"కళ్ళు మూసుకుంటే ఈలోగా స్లైడు ఆరిపోతాది మాస్టారూ. ఇలాగే చేసేస్తాను. ఆయనకి తెలీదేటి?"

పిల్లలు గొల్లుమన్నారు. ఆ పిల్ల ఒక కన్ను అద్దానికి ఆనించి, దగ్గి, తను చూస్తున్న కణాల గదులన్నిటినీ దేవుడికి చెప్పింది. ఇటుకల వరసలా ఉన్నాయంది. మధ్యలో చుక్క ఏమిటో తెలియడం లేదంది. చూసింది చూసినట్టు చెప్పే మనసు ఇమ్మంది. ఆ చివరి మాట ఎక్కడిదో కృపానిధికి తెలుసు. ప్రయోగాల రికార్డులో దొంగ అంకెలు వేసిన పిల్లల్ని ఆయన తిట్టే మాట అది. "చూసింది చూసినట్టు రాయండి. కల్పించిన అంకె నాకొద్దు." ఆయన తిట్టుని కూతురు ప్రార్థనగా మార్చింది.

అప్పటినుంచి వంతులు వచ్చాయి. ప్రతి పీరియడుకీ ఒకరు ముందురోజు పాఠంలోంచి స్వయంగా చూసినదొకటి చెప్పాలి, తెలియనిదొకటి అడగాలి. హిందూ పిల్లలు కావాలంటే వంతు వదులుకోవచ్చన్నారు. ఒక్కరూ వదులుకోలేదు. శివాజీ "దేవుడా" అంటాడు. చేపలమ్మే లక్ష్మణమ్మ కూతురు భారతి "సామీ" అంటుంది. పాస్టరుగారు ఒకసారి వచ్చి, కళ్ళు తెరుచుకుని చేసేదేం ప్రార్థనని అడిగితే, "ఆయన చేసినవి చూస్తూ ఆయనతో మాట్లాడుతున్నామండి" అంది దీవెన. పాస్టరుగారు నవ్వి వెళ్ళిపోయారు.

ఇప్పుడా గొంతు లేదు. ముప్ఫయ్యొక్క గొంతులున్నాయి. రోజుకొకటి చొప్పున అదే మాట ఆయన వీపుకి తగులుతోంది.

ఆ మధ్యాహ్నం స్టాఫ్‌రూములో ఆయన హెడ్‌మిస్ట్రెస్ సత్యవతిగారి ముందు నిలబడ్డాడు.

"మేడమ్, పదో తరగతికి సిలబస్ వెనకబడింది. పీరియడు మొదట్లో ప్రార్థన ఆపేద్దామనుకుంటున్నాను."

లెక్కల విక్టర్ మాస్టారు క్యారేజీ మూత తీస్తూ అందుకున్నాడు. "రెండు నిమిషాలు పట్టదు కదయ్యా ఆ ప్రార్థన. నీ పిల్లలు బంగారాలు. నా పీరియడుకైతే నేను రాకూడదని చేస్తారు ప్రార్థన. ఇన్నేళ్ళైంది, దేవుడు ఒక్కసారి ఇన్నేదు పాపం."

నవ్వారందరూ. సత్యవతిగారు నవ్వలేదు. కృపానిధి మొహంలోకి చూసింది.

"అది నేను పెట్టిందీ కాదు, మీరు పెట్టిందీ కాదు కృపానిధిగారూ. పిల్లలది. ఆపమని మీరే చెప్పండి వాళ్ళకి. ఎందుకని అడుగుతారు. ఏం చెప్పాలో అనుకుని మరీ వెళ్ళండి."

ఆయన అనుకుని చూశాడు. సాయంత్రం గంట కొట్టేదాకా పదో తరగతి గుమ్మం వైపు వెళ్ళలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి భార్య కృపారాణి పొగలు కక్కే టీ గ్లాసు ఆయన ముందు పెట్టి, అలవాటుగా అడిగింది.

"ఈవేళ ఎవరిదండి వంతు?"

"తాయారని, కొత్త పిల్లది."

"ఏటి చెప్పింది?"

తమ్ముడి గుండె సంగతి చెప్పాడు. దగ్గు సంగతి చెప్పలేదు. ఆమె పెదాలు కొద్దిగా విచ్చుకున్నాయి. "చిన్నపిల్లలకి ఎక్కువే కొట్టుకుంటాది. రేపు చెప్పండి దానికి" అంది. ఆమె ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నర్సు. రోజు మొత్తంలో ఆమె పెదాలు కదిలేది ఈ ఒక్క కబురుకే. అందుకని కూడా ఆ ప్రార్థన ఆపడం ఆయనకి కష్టంగా ఉంది.

టీ ఇచ్చేసి ఆమె కిటికీ కింద పరిచిన చాప మీద పడుకుంది. ఎదురుగా గోడకి ఆనించి నవారు మంచం నిలబెట్టి ఉంది. పోయిన సెప్టెంబరులో నవారు వదులైందని ఆమే దాన్ని మంచాలల్లే దాలయ్య దగ్గరికి బిగించడానికి పంపింది. రెండ్రోజులు చాప మీద సర్దుకోమని కూతురికి చెప్పి రాత్రి డ్యూటీకి వెళ్ళింది. దాలయ్య మంచం తెచ్చేసరికి ఇంటి ముందు టెంటు వేసి ఉంది. అప్పటినుంచి ఆ మంచం అలాగే నిలబడి ఉంది. కృపారాణి కూతురు పడుకున్న చోటే పడుకుంటోంది. ఎండాకాలం, వానాకాలం, అదే చోటు.

"కట్లపాము నేల మీద పడుకున్నవాళ్ళనే కరుస్తాదని నాకు తెలుసు" అని ఒకసారి అంది, తనలో తను మాట్లాడుకుంటున్నట్టు. "పేషెంట్లందరికీ చెప్తాను, వానాకాలం కింద పడుకోకండని. నా కూతుర్ని నేనే కింద పడుకోబెట్టి ఎల్లేను."

అప్పుడైనా ఆయన నోరు విప్పలేదు.

విప్పితే చెప్పాల్సింది ఒక అంకె మాత్రమే. ఆరున్నర కాదు, అయిదుంబావు.

ఆ రోజు పొద్దున్న అయిదుంబావుకి దీవెన ఆయన్ని లేపింది. కడుపునొప్పి అంది. ఆయన లైటు వేసి, సోడాపొడి కలిపి ఇచ్చాడు. అది గోడకి చేరగిలబడి, "నాన్నా, రెప్పలు బరువుగా ఉన్నాయి. నువ్వు ఇద్దరుగా కనిపిస్తన్నావు" అంది. ఆయన నవ్వాడు. "మంచిదే కదా. ఒకడు బడికి పోతాడు, ఒకడు నీకు కాపలా ఉంటాడు" అన్నాడు. రెండు నెలల కిందటే తొమ్మిదో తరగతికి చెప్పిన మాటలవి: కట్లపాము కాటు నొప్పి పెట్టదు, వాపు ఉండదు, పొద్దున్న కడుపునొప్పితో లేస్తారు, మొదట రెప్పలు వాలతాయి. చెప్పిన నోటికి ఆ మాటలు ఆ పొద్దున్న తట్టలేదు. రాత్రి తిన్న బజ్జీలనుకున్నాడు. కూతురి ముందు మోకాళ్ళ మీద కూర్చుని, దాని పొట్ట మీద చెయ్యి వేసి, కళ్ళు మూసుకుని ప్రార్థన చేశాడు. చాలాసేపు చేశాడు. తరవాత అది కునుకు తీస్తోందనుకుని, లేపకుండా నీళ్ళు కాచుకున్నాడు, బట్టలు ఇస్త్రీ చేసుకున్నాడు. ఆరున్నరకి లేపబోతే మెడ నిలవలేదు.

ఆస్పత్రిలో కృపారాణి యూనిఫాంతోనే పరుగెత్తుకొచ్చింది. డాక్టరు అడగకముందే ఆమే అడిగింది. "ఎప్పుడు మొదలైంది? ఎప్పుడండీ?" ఆయన ఆమె మొహం చూశాడు. "ఆరున్నరకి" అంది ఆయన నోరు. డాక్టరు అదే రాసుకున్నాడు. రెండో రోజు అంతా అయిపోయాక ఆ డాక్టరే ఓదార్చాడు. ఆరున్నరకి చూసి వెంటనే తెచ్చారు, మీ వైపునుంచి ఆలస్యం లేదు, పాము అర్ధరాత్రే కరిచి ఉంటుంది అన్నాడు. అలా ఆయన మీద తప్పు లేకుండా పోయింది. ఇంట్లో ఇక చాప ఒక్కటే మిగిలింది, తప్పు మొయ్యడానికి.

టీ చల్లారిపోయింది. కృపారాణి గోడవైపు తిరిగి పడుకుంది. "రాణీ" అన్నాడాయన. "ఊఁ" అంది. "ఏం లేదు" అన్నాడు.

ఆ వారంలో నాడీమండలం పాఠం వచ్చింది. మెదడు చెప్పాడు, వెన్నుపాము చెప్పాడు, నరం ఎలా ఉంటుందో చెప్పాడు. నరం కొస కండరాన్ని ఎక్కడ కలుస్తుందో చెప్పే పేజీ దగ్గరికి వచ్చి, "ఇది మీరే చదువుకోండి" అని పేజీ తిప్పేశాడు. భారతి తలెత్తి చూసింది. ఆయన ఆ చూపుని పట్టించుకోలేదు.

మర్నాడు స్కేలు ప్రయోగం చేయించాడు. ఒకరు స్కేలు నిలువుగా పట్టుకుని వదిలెయ్యాలి, ఇంకొకరు దాన్ని వేళ్ళతో పట్టుకోవాలి. ఎన్ని సెంటీమీటర్లు జారాక పట్టుకున్నారో రాయాలి. కన్ను చూశాక చెయ్యి కదలడానికి ఎంత ఆలస్యం పడుతుందో తెలుస్తుంది. గదంతా స్కేళ్ళు కింద పడుతున్న చప్పుడు. శివాజీ రికార్డు తెచ్చి బల్ల మీద పెట్టాడు. పదిసార్లకీ పద్నాలుగే. ఒక్క అంకె కూడా అటూ ఇటూ లేదు.

"మాస్టారూ, ఆడు స్కేలు ముట్టుకోనేదండి" అంది భారతి. "ముట్టుకోకుండానే పదిసార్లు పట్టీసినాడు, మాయలోడు."

"ఒసే, నీకెందుకే? నీ స్కేలు సూసుకో."

"నా స్కేలు కింద పడిపోతన్నాదిరా. నీది గాల్లో ఆగిపోతన్నాది కదా, అందుకని అడిగినాను."

పిల్లలు నవ్వి, అంతలోనే ఆగి మాస్టారి వైపు చూశారు. ఇప్పుడు ఆ పేజీ చిరుగుతుందనుకున్నారు. శివాజీ కూడా అనుకున్నాడు. కృపానిధి ఎర్ర సిరా పెన్ను తీసి టిక్కు పెట్టాడు.

"సరే, కూర్చో" అన్నాడు.

శివాజీ రికార్డు తీసుకుని వెళ్తూ ఆ టిక్కుని దెబ్బ తిన్నవాడిలా చూసుకున్నాడు.

తరవాతి రోజు భారతి వంతు.

ఆమె లేచి నిలబడింది. ఎప్పుడూ చేతిలో ఏదో ఒకటి, కనీసం ఒక ఆకు, ఒక గవ్వ, పట్టుకుని నిలబడే పిల్ల. ఆ రోజు ఉత్త చేతులతో నిలబడి కిటికీలోంచి రోడ్డుని చూసింది. దగ్గింది. కృపానిధి గోడవైపు తిరిగాడు.

"సామీ. నిన్న స్కేలు పట్టుకున్నాం. కన్ను సూసినాక సెయ్యి కదలడానికి టైము పడతాదని తెలిసింది. నాకు ఇరవై రెండు వచ్చింది. నేను నిదానం మనిసిని."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"సూసింది సూసినట్టు సెప్పే మనసు ఇయ్యి అని రెండేళ్ళబట్టి అడుగుతన్నాను. నువ్వు ఇచ్చినావు. నేనే సెప్పనేదు." ఆగింది. "ఆ రోజు పొద్దున్న అమ్మని సేపల గంపతో అయిదు గంటల ఆటో ఎక్కించి ఎనక్కొస్తన్నాను. మాస్టారింట్లో లైటు ఎలుగుతన్నాది. కిటికీలోంచి సూసినాను. దీవెన గోడకి ఆనుకుని కూకున్నాది. రెప్పలు వాలిపోతన్నాయి. కూకుని నిద్రోతన్నాది, బళ్ళో ఏడిపించాల దీన్ని అనుకున్నాను. నవ్వుకుని ఎల్లిపోనాను. కట్లపాము కరిస్తే ముందు రెప్పలే వాల్తాయని మాకు పాఠం అయిపోనాది. నోట్సులో రాసుకున్నాను కూడా. నేను కేకేసుంటే దీవెన ఉండును. కేకెయ్యనేదు. అది నా తప్పు సామీ. ఆమెన్."

ఎవరూ "ఆమెన్" అనలేదు.

కృపానిధి గోడవైపే నిలబడి ఉన్నాడు. ఆయనకి ఒక్కొక్క మాటా విడివిడిగా అర్థమైంది. అయిదు గంటల ఆటో. లైటు. కిటికీ. ఈ పిల్ల చూసింది. పదకొండు నెలలుగా ఈ పిల్ల రెండో బెంచీలో కూర్చుని, దీవెన ఖాళీ చేసిన చోటు పక్కనే, ఆ బరువు పెట్టుకుని పాఠాలు రాసుకుంది. ఆ పొద్దున్న ఆ కిటికీ లోపల తనూ ఉన్నాడు. ఆ సంగతి ఆమె చెప్పలేదు.

ఆయన తిరిగాడు. ముప్ఫయ్యొక్క జతల కళ్ళు.

"భారతీ."

"సెప్పండి మాస్టారూ." ఏడవడం లేదు.

"అప్పుడు నేనెక్కడున్నాను?"

భారతి తల దించుకుంది.

"సగం చెప్తే ఎలాగమ్మా? నేను కనబడలేదా?"

"కనబడ్డారండి." తల ఎత్తకుండానే అంది. "దీవెన ముందర మోకాళ్ళేసుకుని ఉన్నారండి. ప్రార్థన సేస్తన్నారు. కళ్ళు మూసుకుని."

"నువ్వెక్కడున్నావు?"

"రోడ్డు మీద."

"నువ్వు రోడ్డు మీదున్నావు. నేను దానికి మూరెడు దూరంలో ఉన్నాను. నువ్వు పాఠం విన్నదానివి, నేను చెప్పినవాణ్ణి. రెప్పలు బరువుగా ఉన్నాయని, ఇద్దరుగా కనిపిస్తున్నానని అది నాతోనే చెప్పింది. నేను వేళాకోళం ఆడాను. అప్పుడు టైము అయిదుంబావు. ఆస్పత్రిలో అడిగితే ఆరున్నరని చెప్పాను." ఆయన గొంతు పాఠం చెప్పేటప్పుడు ఉన్నట్టే ఉంది. అది ఆయనకే వింతగా ఉంది. "గంటంబావు తగ్గించాను. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా చెప్పలేదు. ఇందులో నీ తప్పేం లేదు. కూర్చో తల్లీ."

భారతి కూర్చోలేదు. తాయారు లేచి వచ్చి ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

కృపానిధి నల్లబల్ల మీద నరం కొస గీశాడు. కాస్త ఖాళీ వదిలి కండరం గీశాడు. ఆ ఖాళీలో చుక్కలు పెట్టాడు. "నరం చెప్పిన కబురు ఇక్కడ దాటాలి. కట్లపాము విషం ఈ దారి మూసేస్తుంది. మెదడు లే అంటుంది, రెప్పకి వినబడదు. తరవాత గొంతుకి వినబడదు. ఆఖర్న ఊపిరికి. మనిషికి మాత్రం అన్నీ తెలుస్తూనే ఉంటాయి." ఆ ఆఖరి మాట దగ్గర ఆగాల్సి వచ్చింది. ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. "పొద్దున్న ఎవరైనా కడుపునొప్పి, కళ్ళు బరువు అంటే టార్చి వేసి రెప్పలు చూడండి. కాటు కనపడకపోయినా ఆస్పత్రికి తీసుకెళ్ళండి. ప్రార్థన ఆటోలో చెయ్యండి. కళ్ళు తెరుచుకుని చెయ్యండి. రాసుకోండి."

రాసుకున్నారు. గంట కొట్టాక శివాజీ వచ్చి, నిన్నటి పేజీ తనే చింపుకుని వెళ్ళిపోయాడు.

కృపానిధి సత్యవతిగారి గదికి వెళ్ళి సెలవు అడిగాడు. సాయంత్రానికి ముప్ఫయ్యొక్క ఇళ్ళకి ఈ కబురు వెళ్తుందని, అంతకంటే ముందు తను ఒక ఇంటికి వెళ్ళాలని చెప్పాడు. ఆమె కారణం అడగలేదు.

కృపారాణి పెరట్లో యూనిఫాం ఆరేస్తోంది. ఆయన్ని ఆ వేళప్పుడు చూసి, "ఏటండీ, జ్వరమా?" అంది. ఆయన మెట్టు మీద కూర్చున్నాడు.

"ఆ రోజు ఆరున్నర కాదు రాణీ. అయిదుంబావు."

ఆమె చేతిలో క్లిప్పు అలాగే ఉండిపోయింది. ఏ రోజని అడగలేదు. పేషెంటు బంధువుల్ని అడిగే గొంతుతో, ఆయనెప్పుడూ ఇంట్లో వినని గొంతుతో, మొదలుపెట్టింది.

"మొదట ఏటన్నాది?"

"కడుపునొప్పి."

"మాట ముద్దగా వచ్చిందా, తిన్నగా వచ్చిందా?"

"తిన్నగానే వచ్చింది."

"నీళ్ళు మింగిందా?"

"సోడాపొడి కలిపి ఇచ్చాను. మింగింది."

"రెప్పలు?"

"బరువుగా ఉన్నాయంది. నేను ఇద్దరుగా కనబడుతున్నానంది."

కృపారాణి కళ్ళు మూసి తెరిచింది. "నాకు ఫోనెందుకు చెయ్యలేదు?"

"నువ్వు రాత్రంతా మేలుకుని ఉంటావని. మామూలు నొప్పే కదా అని."

"ఆస్పత్రిలో ఎందుకు అబద్ధం చెప్పేరు?"

"నీ మొహం చూశాను" అన్నాడు. అది నిజమే, కాని జవాబు కాదు.

ఆమె తడిబట్టని తీగ మీద సాపుగా లాగింది. మడత లేకుండా, చాలా శ్రద్ధగా. తరవాత ఆయనవైపు చూడకుండా అంది.

"పదకొండు నెలలు నన్ను నేల మీద పడుకోబెట్టేరు."

ఆమె అరిచి ఉంటే ఆయనకి సులువుగా ఉండేది. అరవలేదు. ఇంట్లోకి వెళ్ళింది. చాలాసేపటికి చీర మార్చుకుని బయటికి వచ్చింది. ఇన్నాళ్ళ తరవాత ఈవేళే ఎందుకు చెప్పారని అడిగింది. భారతి సంగతి చెప్పాడు. వింటూంటే ఆమె మొహం మొదటిసారి మారింది.

"ఆ పిల్ల ఇన్నాళ్ళూ తనే చంపేననుకున్నాదా?"

"అవును."

"బండి తియ్యండి."

బడి వదిలిన గంటకి వాళ్ళు భారతివాళ్ళ పేటకి చేరారు. దారి పొడుగునా కృపారాణి బండి వెనక కడ్డీనే పట్టుకుంది, ఆయన భుజం మీద చెయ్యి వెయ్యలేదు. సముద్రం గాలికి ఎండుచేపల వాసన వస్తోంది. లక్ష్మణమ్మ ఇసకలో పరిచిన నెత్తళ్ళని తిరగేస్తూ వీళ్ళని చూసి లేచింది.

"నర్సమ్మగారు! ఏటమ్మా ఇలాగొచ్చినారు? మా పిల్ల ఏటి సేసీసినాది? వచ్చినకాడ్నించి మూల కూకున్నాది, కూడు తిననేదు."

"ఏం చెయ్యలేదు లక్ష్మణమ్మా. దాంతో మాట్లాడాల" అని, ఇంట్లోకి వంగి వెళ్ళింది కృపారాణి. వెళ్తూ వెనక్కి చూసి, "మీరు బయటుండండి" అంది.

ఆయన గుమ్మం బయట నిలబడ్డాడు. లక్ష్మణమ్మ ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి వేసింది. కూర్చోలేదు. తాటాకుల చూరు కిందనుంచి లోపలి మాటలు వినబడుతున్నాయి. ముందు భారతి ఏడుపు. దాని మీదుగా కృపారాణి గొంతు, మెల్లగా, చాలాసార్లు, నీ తప్పు కాదమ్మా, నీ తప్పు కాదమ్మా అని. ఏడుపు తగ్గింది. తరవాత కృపారాణి అడిగింది.

"ఏటి తొడుక్కున్నాది?"

"పచ్చ నైటీ అండి. జడ ఊడిపోయి ఉన్నాది."

"ఇంకా?"

"ఒళ్ళో తలగడ పెట్టుకున్నాదండి."

"ఇంకా చెప్పు. నేను చూడలేదు కదమ్మా. నేనొచ్చేసరికి అది మాటాడలేదు. నువ్వు చూసిందంతా చెప్పు."

"నన్ను సూసిందండి."

బయట కృపానిధి గుంజ పట్టుకున్నాడు.

"నిన్ను చూసిందా?"

"కిటికీకాడ నేనున్నానని సూసిందండి. సెయ్యెత్తింది. బళ్ళో మాటాడుకుందాం, ఎల్లు అన్నాదనుకున్నాను. మాస్టారు కళ్ళు మూసుకుని ఉన్నారు కదండి, అందుకని మాటాడకుండా సెయ్యెత్తిందనుకున్నాను."

"ఎలా ఎత్తింది? చూపించు."

లోపల చీకటిగా ఉంది. అయినా ఆయనకి కనబడింది. భారతి చాప మీద గోడకి ఆనుకుని కూర్చుంది. కుడిచెయ్యి నెమ్మదిగా పైకి ఎత్తింది, భుజం దాకా, అక్కడినుంచి ఇంక లేవనట్టు. వేళ్ళు కొద్దిగా విచ్చుకున్నాయి. పొమ్మన్నట్టూ ఉంది, రమ్మన్నట్టూ ఉంది.

"మళ్ళీ" అంది కృపారాణి.

భారతి మళ్ళీ ఎత్తింది.